అయ్యగారి గడియారానికి పట్టిన అయస్కాంతం

అయస్కాంతం అడుగుపెట్టకముందు మా ఇంటి ఇనుము చాలా మర్యాదగా ఉండేది. స్క్రూ స్క్రూలాగా, సూది సూదిలాగా, ఎక్కడ పెడితే అక్కడ, ఒకదాని జోలికి ఒకటి పోకుండా పడి ఉండేవి. ఈ సంగతి నాకు మొన్న కర్నూల్లో మా ఇంటికి ఒక డబ్బా వచ్చినప్పుడు గుర్తొచ్చింది. కర్టెన్ రాడ్డు బిగించాలన్న మహాసంకల్పంతో మా ఆయన ఫోనులో తెప్పించుకున్న పనిముట్ల డబ్బా అది. అందులో రెండు రంధ్రాలున్న నీలం ప్లాస్టిక్ దిమ్మ ఒకటుంది. ఒక రంధ్రం మీద కూడిక గుర్తు, ఇంకోదాని మీద తీసివేత గుర్తు. కూడికలో దూర్చి తీస్తే స్క్రూడ్రైవరుకు అయస్కాంతం పడుతుంది, తీసివేతలో దూర్చి తీస్తే దిగిపోతుంది. మా ఆయన దాన్ని ఎక్కించి దించి, ఎక్కించి దించి, కర్టెన్ సంగతి పూర్తిగా మర్చిపోయి, తానే కనిపెట్టినంత గర్వంగా నావైపు చూశారు. కర్టెన్ ఇప్పటికీ సోఫా మీదే ఉంది. నాకు మాత్రం నవ్వు ఆగలేదు. పనిముట్లకు అయస్కాంతం ఎక్కించడానికి మా నాయనకు ఒక ఎండాకాలమంతా పట్టింది. దించడానికైతే ఆయన తన జీవితాశయాన్నే పణంగా పెట్టాల్సి వచ్చింది.

మా ఊరు ఓర్వకల్లు రాళ్లగుట్టల వెనక. ఇప్పుడు ఆ చుట్టుపక్కల విమానాలు దిగుతున్నాయి. అప్పట్లో గద్దలు కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించుకుని దిగేవి. నాయన పేరు దానియేలు, పని కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త తీగ చుట్టడం. మా సీమలో భూమి కింద నీళ్లు లేవన్న సంగతి భూమికి తెలుసు, దేవుడికి తెలుసు, బోరు మోటారుకే తెలిసేది కాదు. తెలుసుకునేలోపు కాలిపోయేది. కాలిన ప్రతి మోటారూ ఎద్దుల బండి మీదో, సైకిలు వెనకాలో మా వసారాలోకి వచ్చి పడుకునేది. అందుకని మా ఇంటికి ఒక వాసన ఉండేది: మాడిన రాగితీగ, వార్నిషు, రోట్లో అమ్మ నూరే ఊరిబిండి పచ్చడి, ఈ మూడూ కలిసిన వాసన. ప్రపంచంలో ఇళ్లన్నీ అలాగే ఉంటాయనుకునేదాన్ని. పెళ్లయి అత్తగారింట్లో కాలుపెట్టినప్పుడు ఏ వాసనా రాకపోతే, పాపం వీళ్లు వంట చేసుకోరేమో అనుకుని రెండు రోజులు బెంగపడ్డాను.

ఇంట్లో నేలంతా నల్లటి కడప బండలు. వేసవిలో వాటి మీద పడుకుంటే స్వర్గం. కానీ వాటి మీద స్క్రూ పడిందంటే మాత్రం అది స్వర్గానికే పోయినట్టు. నల్లబండ మీద నల్ల స్క్రూ! పైగా బండకూ బండకూ మధ్య సందు. నాయన రోజులో సగం మోటార్లు బాగుచేస్తే, మిగతా సగం బోర్లాపడి, చెంప నేలకు ఆనించి, ఒక కన్ను మూసి స్క్రూల కోసం వెతికేవాడు. కొత్తగా వచ్చిన రైతులు ఆ దృశ్యం చూసి, మేస్త్రి ప్రార్థనలో ఉన్నాడనుకుని చెప్పులు విడిచి చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు.

ఈ కష్టాలకు విరుగుడు గుడి నుంచే వచ్చింది. గుడి అంటే మా ఊరి రాతి చర్చి. దాని మీద చాలా ఏళ్లపాటు కీర్తనలు పాడి పాడి గొంతు పోయిన మైకు హారనును పారేయమని నాయనకిచ్చారు. ఆయన దాన్ని విప్పి లోపలి నుంచి అరచేతిలో పట్టని అయస్కాంతాన్ని బయటికి తీశాడు. మా అవ్వ, అంటే నాయన తల్లి, దాన్ని చూసి రెండు చేతులూ జోడించింది. "ఇన్నేండ్లు దేవుని మాట పలికిన రాయిరా అది. దాన్ని పనికి పెడతావా?" అంది. "దేవుని మాట పలికిందే గద మ్మా, ఇంక నా పని చేస్తే దానికేం కొదువ?" అన్నాడు నాయన. ఆ రోజు నుంచి స్క్రూడ్రైవర్లను దాని మీద పిడి నుంచి మొనదాకా ఒకే దిక్కుగా రుద్దడం మొదలైంది. వెనక్కి రుద్దకూడదు. వెనక్కి రుద్దితే ఎక్కింది దిగిపోతుంది. రుద్దేటప్పుడు మొన ఉత్తరం వైపు ఉంటేనే పట్టు గట్టిగా ఉంటుందని నాయన సిద్ధాంతం. అది ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు. ఎవరూ చెప్పకపోయినా గట్టిగా నమ్మడం మా వంశలక్షణం.

అసలు యుద్ధం ఈ ఉత్తరం దగ్గరే వచ్చింది. మాకు బాప్తిస్మాలయ్యి తరాలయ్యాయి. అయినా అవ్వకు ఉత్తరం ఉత్తరమే. ఉత్తరానికి తలపెట్టి పడుకునేది శవమొక్కటే. బండ మీద స్క్రూడ్రైవరు ఉత్తరం వైపు మొనపెట్టుకుని పడి ఉండడం ఆమె కంటబడగానే, "ఇంట్లో ఆ దిక్కుకు తలపెట్టిచ్చినావే, నీకు బుద్ధుండాదా?" అని దాన్ని పట్టుకుని దక్షిణానికి తిప్పేది. "మ్మా, మనం ప్రభువును నమ్ముకున్నోళ్లం" అని నాయన గుర్తుచేసేవాడు. "ఆత్మను ఆయన సూసుకుంటాడు లేరా. తల యాడ పెట్టల్లనో మనమే సూసుకోవల్ల" అనేది. నాయన చూపు ఎప్పుడూ మాట్లాడే మనిషి మీదే గానీ చేసే పని మీద ఉండదు. వచ్చిన రైతుతో వానల గురించి మాట్లాడుతూ, అవ్వ తిప్పిపెట్టిన పనిముట్టును అలాగే తీసుకుని రుద్దేవాడు. పొద్దున ఎక్కింది మధ్యాహ్నానికి దిగేది, మధ్యాహ్నం ఎక్కింది సాయంత్రానికి దిగేది. వేసవి మొదట్లో రుద్దడం మొదలుపెట్టిన స్క్రూడ్రైవరు వేసవి నడిమికి కూడా ఒక్క మేకును కన్నెత్తి చూడలేదు. చివరికి రాజీ కుదిరింది. మొన తూర్పుకు. దిక్కు మారినా అయస్కాంతం ఏ అభ్యంతరమూ చెప్పకుండా ఎక్కింది. నాయన మాత్రం తన సిద్ధాంతం తప్పని ఒప్పుకోలేదు, తూర్పు కూడా కొంచెం ఉత్తరమేనన్నాడు.

ఒకసారి ఎక్కడం మొదలయ్యాక దానికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. స్క్రూడ్రైవర్లు, పానాలు, పట్టకార్లు, చిమటాలు, సుత్తి, అన్నింటికీ అయస్కాంతమే. అక్కడితో ఆగితే ఆయన మా నాయన ఎందుకవుతాడు? పనిముట్ల తర్వాత వంటింటి మీద పడ్డాడు. ఈలపీటకు ఎక్కించాడు. కొడవలికి ఎక్కించాడు. అవ్వ అడకత్తెరకు ఎక్కిస్తే, అది వక్కను వదిలి ఆమె నడుముకున్న తాళంచెవులను పట్టుకుంది. అమ్మ జాకెట్లు కుట్టేది. ఆమె కత్తెర ఎప్పుడు తీసినా దాని మూతికి గుండుసూదులు గడ్డంలాగా వేలాడుతుండేవి. "ఏమయ్యా, నా కత్తెరకు గడ్డం గీకించు ముందు" అని అమ్మ అరిచేది. నేను ఇనుప పెట్టె మూత తీయబోతే చేతిలోని గరిట నాకన్నా ముందే పోయి దానికి అతుక్కునేది. మా ఇంటికి వచ్చిన చుట్టాలు నడుముకు మొలతాడుతోపాటు తాళంచెవి ఉంటే తడుముకుని మరీ లోపలికొచ్చేవాళ్లు. ఏది ఏమైనా నాయన నేల మీద బోర్లాపడడం మాత్రం మానేశాడు. స్క్రూ ఏదైనా డ్రైవరు మూతిని కరుచుకుని, పిల్లి నోట్లో పిల్లలాగా బుద్ధిగా పోయి తన గుంతలో కూర్చునేది.

ఇక గుడి సంగతి. మా గుడిలో జనమంతా చాపల మీద కూర్చుంటే, ముందు వరుసలో చేతులున్న కర్ర కుర్చీల్లో సంఘపెద్దలు జనం వైపు తిరిగి కూర్చునేవాళ్లు. నాయనకు ఆ కుర్చీల కింద దూరి మైకు తీగలు లాగే హక్కు ఉండేది గానీ వాటి మీద కూర్చునే హక్కు ఉండేది కాదు. నిచ్చెనెక్కాలన్నా దానియేలే, గంట తాడు తెగినా దానియేలే, సమాధుల తోటలో పాము కనబడినా దానియేలే. పెద్దరికం మాత్రం ఎరువుల కొట్టు ఇస్సాకుది. "పని పడితే దానియేలు, పదవి పడితే ఇస్సాకు" అని అవ్వ ప్రతి ఆదివారం ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ అనేది. నాయన నవ్వేసేవాడు. కానీ ఒక శనివారం మైకు సర్దే వంకతో ఆయన ఆ కుర్చీలో కూర్చోవడం, చేతులు ఆనించి ఖాళీ చాపలవైపు గంభీరంగా చూడడం, ఎవరో వస్తున్న చప్పుడుకు లేచి కుర్చీ కోళ్లు బాగుచేస్తున్నట్టు నటించడం నా కళ్లతో చూశాను. ఆ ఏడు కోతపండగ తర్వాత కొత్త పెద్దను ఎన్నుకోవాలి. పోటీలో ఇస్సాకు ఉన్నాడు. నాయన కూడా ఉన్నాడు. కూర్చున్న చోటు నుంచి చేతులెత్తడమే ఓటు.

మా అయ్యగారు, అంటే మా గుడి పాస్టరు, చాలాకాలం మంగంపేట గనుల దగ్గర సేవచేసి వచ్చారు. రాళ్లు పేల్చే మందుగుండు చప్పుళ్ల మధ్య వాక్యం చెప్పి చెప్పి, ఆయన గొంతు ఎదుట ఏది పేలినా వినిపించేంతగా తయారైంది. మనిషి చాలా మంచివారు. ప్రసంగం మాత్రం చాలా పెద్దది. దానికి కట్టుబాటల్లా ఆయన గురువు ఇచ్చిన చావి గడియారం. ప్రసంగానికి ముందు దాన్ని మణికట్టు నుంచి విప్పి ఎదురుగా పెట్టుకునేవారు. పన్నెండుకు ముళ్లు రెండూ కలిసిన క్షణాన, మాట మధ్యలో ఉన్నా సరే, ఆపేసేవారు. "కాబట్టి ప్రియులారా, మనము" అని ఒక ఆదివారం ఆపి, "చేయవలసినది ఏమనగా" అని తర్వాతి ఆదివారం అందుకునేవారు. ఆ వారమంతా మనం ఏం చేయాలో తెలియక ఊళ్లో ఎవరూ ఏమీ చేసేవాళ్లు కారు.

అలాంటి గడియారం ఒకరోజు క్వారీ దుమ్ము తిని ఆగిపోయింది. ఆ ఆదివారం పన్నెండు రాలేదు. ఒంటిగంటా రాలేదు. ముళ్లు కలవందే ఆపడం అయ్యగారికి చేతకాదు. బయట నీడలు సాగాయి, ఇళ్లలో సంగటి రాయైంది, చంటిపిల్లలు ఏడ్చి, నిద్రపోయి, మళ్లీ లేచి ఏడ్చారు. ఆఖరికి అయ్యగారికే దప్పికై ఆపారు. గుడి బయటికి రాగానే జనం నాయనను చుట్టుముట్టారు. "నువ్వే మాకు దిక్కప్పా. ఎట్లయినా దాన్ని తిరిగేట్ల చెయ్యి. ల్యాకపోతే మేం ఈణ్ణించే నేరుగా పైకి పోతాం" అన్నాడు ఒక ముసలాయన. కర్నూలుకు పంపి గడియారాల కొట్లో చూపిద్దామని ఇస్సాకు గొణిగాడు గానీ, కర్నూలుకు పోయిన వస్తువు ఎప్పుడొస్తుందో, ఈలోగా ఎన్ని ఆదివారాలు వస్తాయో తలచుకుని జనం అతణ్ణి మాట్లాడనివ్వలేదు.

"ఏడున్నర గుర్రాల మోటారు విప్పి బిగించిన చెయ్యి ఇది. ఇంతబిళ్ల నాకొక లెక్కా?" అన్నాడు నాయన ఇంటికొచ్చి.

"మోటారు చెడిపోతే పొలం ఎండుతాది. ఇది చెడిపోతే నీ పరువు ఎండుతాది. ఆలోచన చెయ్యి" అంది అమ్మ.

ఆలోచన చేయడం మా వంశలక్షణం కాదు. నాయన అమ్మ తెల్లటి లంగా గుడ్డ పరిచి, తన పనిముట్లలో అతి సన్నవాటిని, అంటే అన్నింటికన్నా బాగా అయస్కాంతం ఎక్కినవాటిని ఎంచుకుని, గడియారం పొట్ట విప్పాడు. చీమ తలకాయంత స్క్రూలు ఒక్కటి కూడా కిందపడలేదు. దుమ్ము ఊది, నూనె చుక్క ముట్టించి, మూసి చావి తిప్పితే గడియారం నడిచింది. నడవడమేంటి, పరిగెత్తింది. మునుపు టిక్కు టిక్కు మని ముసలాయనలాగా దగ్గుతూ పోయేది, ఇప్పుడు బడి వదిలిన పిల్లల్లాగా పోతోంది. "సూడు, ముందుకన్నా ఎంత ఉషారుగా ఉండాదో" అని నాయన మురిసిపోయాడు. గడియారం లోపల వెంట్రుకంత సన్నటి ఉక్కుచుట్ట ఒకటుంటుందనీ, దానికి అయస్కాంతం సోకితే చుట్లు ఒకదానికొకటి అతుక్కుని గడియారం వెర్రెత్తినట్టు ముందుకు ఉరుకుతుందనీ ఆయనకు తెలియదు. బోరు మోటారులో అలాంటి నాజూకులేమీ ఉండవు.

తర్వాతి ఆదివారం పన్నెండు వచ్చింది, తనకు వేళ కాకముందే వచ్చింది. "ప్రియులారా, ఓర్పు అనగా" అంటూనే అయ్యగారు గడియారం చూసుకుని, తానే కొంచెం ఆశ్చర్యపడి, ఆపేశారు. జనం బయటికొచ్చి ఎండను చూశారు, నీడలను చూశారు, ఒకరినొకరు చూసుకున్నారు. ఒక్కరూ నోరెత్తలేదు. ఇళ్లకు పోతే సంగటి పొగలు కక్కుతోంది! మా ఊరు అంతకుముందు ఏ విషయంలోనూ ఒక మాట మీద నిలబడి ఎరగదు. ఆ రోజు నుంచి నిలబడింది. అయ్యగారు ఎవరింటికి వస్తున్నా వాళ్లు ముందు గోడ గడియారం దించి బియ్యం డబ్బాలో పెట్టేవాళ్లు. ఆయన కనిపెట్టే అవకాశమూ లేదు. రోజూ పొద్దున తొలి బస్సు హారను వినగానే చావి ఇచ్చి ముళ్లను బస్సు వేళకు తిప్పుకోవడం ఆయనకు పాత అలవాటు. తిప్పే ముందు ముళ్లు ఎక్కడున్నాయో చూడాలని ఆయనకు తోచలేదు, గురువిచ్చిన వస్తువును అనుమానించడం ఆయనకు రాదు. పగలు ఎక్కడికి పోయినా తానే ముందు వచ్చి, మిగతావాళ్లు ఆలస్యంగా రావడం కనబడేది. మా సీమలో అందులో వింతేముంది? పెళ్లి ఆలస్యం, బస్సు ఆలస్యం, వాన ఆలస్యం. ఆలస్యాలు ఈమధ్య కొంచెం ఎక్కువయ్యాయని మాత్రం ఒకటి రెండుసార్లు బాధపడ్డారు.

నాయన పరపతి పెరిగిపోయింది. గుమ్మడికాయలు వచ్చాయి, జున్నుపాలు వచ్చాయి, ఎన్నడూ పలకరించని ఆడవాళ్లు అమ్మను పక్కన కూర్చోబెట్టుకున్నారు. "ఈసారి కుర్చీ నీదేలే దానియేలూ" అని వీపు తట్టనివాడు లేడు. ఇదంతా తన పనితనానికే అనుకున్నాడు నాయన. గడియారం ముందుకు పోతోందేమోనని అమ్మ ఒకసారి అంటే, "అది కరెక్టుగానే ఉండాది. సూర్యుడే కొంచెం నిదానం" అన్నాడు.

కోతపండగ అయిపోయింది. ఎన్నిక వచ్చే ఆదివారమనగా అయ్యగారికి భోజనం పెట్టే వంతు మాకొచ్చింది. నాటుకోడి పులుసు, సంగటి. చేతులు కడుక్కోవడానికి అయ్యగారు గడియారం విప్పి అమ్మ కుట్టుమిషను బల్ల మీద పెట్టారు. మిషనుకు దారంతో ఒక సన్నసూది వేలాడుతోంది. ఆ సూది మెల్లగా కదిలింది. పైట తగిలిందనుకుని అమ్మ దాన్ని పట్టి ఆపింది. వదలగానే మళ్లీ కదిలి, దారాన్ని ఏటవాలుగా లాక్కుంటూ, వాసన పసిగట్టిన కుక్కలాగా మూతి గడియారం వైపు చాచి నిలబడింది. అమ్మ నాయనను చూసింది. నాయన సూదిని చూశాడు. ఆయన చేతిలోని గంటె పులుసులో పడింది. అయ్యగారు ఇదేమీ చూడకుండా కూర్చుని, "నీ చేతి చలవ దానియేలూ, గడియారం ఉరుకుతాంది అనుకో" అని కాలు ముక్క అందుకున్నారు.

అయ్యగారు అటు వెళ్లగానే ఇంట్లో సభ మొదలైంది.

"గమ్మునుండు" అంది అవ్వ. "ఎవురికేం నష్టమైంది? ఆయప్ప గొంతుకు ఇశ్రాంతి, మన నడుములకు ఇశ్రాంతి. వారం తిరిగితే ఊరంతా నీకు చెయ్యెత్తుతాది. ఇప్పుడు దానికి పట్టింది దింపినావనుకో, ఎత్తే చేతులన్నీ దిగుతాయి."

"అది గాదత్తా. గురువిచ్చిన వస్తువని దాన్ని నమ్ముకొని మాట ఆపుకుంటాండాడు ఆయన. తెలిసినంక కూడా ఊరికే ఉంటే మోసం గాదా?" అంది అమ్మ.

"మోసమేందే? ఇనుము ఇనుమును పట్టుకునింది. నడమ మనమెవరం?"

"నీకు కుర్చీ కావల్నా వద్దా, అది చెప్పు నాయనా" అన్నాను నేను, పెద్ద ఆరిందాలాగా.

"కావల్ల మ్మీ" అన్నాడు నాయన. అంత సూటిగా, అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడడం నేను అంతకుముందు వినలేదు. "శానా కావల్ల." ఆ వారమంతా ఆయన ఎవరితోనూ వానల గురించి మాట్లాడలేదు. తీగ చుడుతూ చుడుతూ ఆపి, గుడి వైపు చూస్తూ కూర్చునేవాడు. శనివారం పొద్దున చెప్పులేసుకున్నాడు. అవ్వ గుమ్మానికి అడ్డం నిలబడింది. "బాగు చేసినానని ఊరంతా చెప్పుకున్యాను మ్మా. అది బాగు గాల్యా. మోటారు అట్ల చేసిచ్చింటే రైతు నా మొగాన కొడతాడు" అని ఆమెను పక్కకు జరిపి వెళ్లిపోయాడు. అయ్యగారి భార్యకు కుట్టిన జాకెట్లు ఇచ్చి రమ్మని అమ్మ నన్నూ పంపింది. నిజానికి అవి కుట్టడం ఇంకా కాలేదు. ఏం జరుగుతుందో తెలుసుకోవాలని పంపింది.

నాయన చెప్పింది విని అయ్యగారు గడియారాన్ని విప్పి ఒళ్లో పెట్టుకున్నారు. "అంటే ఓర్పును గురించి చెప్పిన వాక్యం..." అన్నారు.

"సగమే అయ్యింది అయ్యగారూ."

"కృతజ్ఞత?"

"పైపైన."

"మరి క్షమాపణ?"

"అది మొదలే కాల్యా. పీఠిక కాణ్ణే పన్నెండయ్యింది."

"అందుకేనేమో, ఇప్పుడు నిన్నేం చెయ్యాల్నో నాకు తోచకుండా ఉండాది" అన్నారు అయ్యగారు. కోపమో నవ్వో ఆయనకే తెలిసినట్టు లేదు. తలుపు చాటున ఆయన భార్య నా చేతిలోని సగం కుట్టిన జాకెట్లను గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంది. రేపటి ఆదివారం ఆమెకు అప్పుడే కనిపించినట్టుంది.

దించే పని మా వసారాలో జరిగింది. తీగ చుట్టిన పెద్ద మోటారు డొల్లలోకి కరెంటు వదిలి, గడియారాన్ని దారానికి కట్టి లోపలికి దించి, నిదానంగా, చాలా నిదానంగా బయటికి లాగాలి. కాలే మోటార్లతో బతికిన నాయనకు ఆ ఉపాయం తోచింది. కానీ కరెంటు రావాలిగా! పొలాలకు వంతులవారీగా ఇచ్చే కరెంటు కోసం అయ్యగారు, నాయన, అవ్వ గడియారం చుట్టూ కూర్చున్నారు. "రాకపోతే దేవుని చిత్తం" అని అవ్వ మధ్యమధ్య ఆశగా అంటూ ఉంది. పొద్దు వాలేవేళకు బల్బు వెలిగింది. నాయన మంత్రసానిలాగా దాన్ని లోపలికి దించి బయటికి లాగాడు. అమ్మ సూది వేలాడదీసి చూసింది. సూది కదల్లేదు. గడియారం మళ్లీ ముసలాయనలాగా టిక్కు టిక్కు మంది. అయ్యగారు దాన్ని చెవికి ఆనించుకుని, "రేపటికి బాకీ ఏమీ ఉంచను" అని లేచారు.

ఆదివారం అయ్యగారు పీఠం ఎక్కి ఉన్నదున్నట్టు చెప్పేశారు. దానియేలు నిజాయితీపరుడన్నారు. అతడు తనంతట తాను వచ్చి చెప్పకపోతే సంఘానికి రావలసిన వాక్యమంతా రాకుండాపోయేదన్నారు. కాబట్టి ఎండాకాలం నుంచి మిగిలిపోయిందంతా ఈ రోజే చెప్పేస్తానన్నారు. అని, బాగుపడిన గడియారాన్ని తీసి జేబులో వేసుకున్నారు! చాపల మీదున్న తలలన్నీ ఒక్కసారిగా నాయన వైపు తిరిగాయి. ఆ చూపులకు అయస్కాంతం ఎక్కించి ఉంటే నాయన నడుము బెల్టు బకిలు ఊడివచ్చేది. ఆ తర్వాత ఓర్పు రెండో సగం వచ్చింది. కృతజ్ఞత వచ్చింది. దాన్నానుకుని వినయం, వినయం వెనకాల కుటుంబ క్రమశిక్షణ వచ్చాయి.

ఈ కాలంవాళ్లకు ఈ బాధ తెలియదు. మా ఆయన ఇప్పుడు ప్రసంగం ఫోనులో వింటారు, రెండింతల వేగం మీట నొక్కి మరీ వింటారు. ఏ ఊరి అయ్యగారో పిట్టలాగా కిచకిచమని పావుగంటలో పరలోకం తెరిచి మూసేస్తారు. మా నాయన ఒక హారను పగలగొట్టి, వేసవంతా రుద్ది, తెలియక సాధించినదాన్ని వీళ్లు బొటనవేలితో సాధిస్తున్నారు. చేతుల్లోని గడియారాలన్నీ ఒకే క్షణం చూపిస్తాయి. అయినా పిలిచిన వేళకు ఎవరూ రారు. వచ్చినా ఒకరి పక్కన ఒకరు కూర్చోరు. ఎవరికివాళ్లు సగం విని మిగతాది దాటేస్తే, లేచి బయటికొచ్చి కలిసి తిట్టుకోవడానికి ఏముంటుంది? ఆ రోజు మేం మాత్రం క్షమాపణను దాని పీఠికతో సహా, కాళ్లు తిమ్మిరెక్కి, ఒకరి భుజానికి ఒకరం ఒరిగి, కలిసికట్టుగా విన్నాం.

అది అయ్యేసరికి ఎండ తలుపులోంచి చాపల మీదికి పాకింది. అప్పుడు ఎన్నిక. ముందు ఇస్సాకు పేరు చదివారు. కొన్ని చేతులు లేచాయి. అవి ఇస్సాకు చుట్టాలవి, కొట్లో ఎరువు అరువు తీసుకున్నవాళ్లవి. తర్వాత నాయన పేరు. ఎవరూ కదల్లేదు. నాయన తల వంచుకుని చాప ఈనెలు లెక్కపెట్టసాగాడు. అమ్మ ఒక్కతే చెయ్యెత్తింది. ఆ పక్కన అవ్వ, ముందురోజు నుంచి నాయనతో మాటలు మానేసిన అవ్వ, మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తింది.

"అవ్వా, ఒక్క చెయ్యి చాలు" అన్నారు అయ్యగారు.

"నాకెరుకలే అయ్యగారూ. ఒకటి వానికి ఓటు. రెండోది, ఇంకనన్నా మమ్మల్ని ఇండ్లకు ఇడిసిపెట్టమని దేవునికి."

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత గుడంతా నవ్వింది. నవ్వుతూనే ఎవరో ముసలాయన రెండు చేతులూ ఎత్తాడు. ఆయన పక్కవాడు ఎత్తాడు. ఆడవాళ్ల వైపు గాజులు గలగలమన్నాయి. చూస్తుండగానే గుడి నిండా చేతులు, ఎండిన జొన్నచేను గాలికి లేచినట్టు. ఆకలికి ఆగలేక ఇస్సాకు కూడా ఎత్తాడు. లెక్కపెట్టేవాడు లెక్కపెట్టి, మళ్లీ పెట్టి, మనుషులకన్నా ఓట్లు ఎక్కువొస్తున్నాయని బిక్కమొగం వేశాడు. మా సీమలో ఓటర్లకన్నా ఓట్లు ఎక్కువ పడడం కొత్తేమీ కాదు గానీ, బాంబులు పడకుండా పడడం అదే మొదలు. అయ్యగారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నిజం చెప్పినవాణ్ణి సంఘం ఇంతగా ఘనపరచడం నా సేవలో నేనెప్పుడూ చూడలేదు" అన్నారు. ఆయనను సరిదిద్దే ఓపిక ఎవరికీ లేదు.

నాయనను ముందుకు పిలిచారు. చేతులున్న కుర్చీ పక్కన నిలబెట్టి, తాను సర్ది పెట్టిన మైకునే ఆయన చేతికిచ్చి, సంఘానికి రెండు మంచి మాటలు చెప్పమన్నారు. నాయన కుర్చీని చూశాడు. దాన్ని ఒకసారి చేత్తో తాకాడు. చెప్పాలని ఎన్నేళ్లుగా దాచుకున్న మాటలెన్నో ఆ గొంతులో కదలడం నాకు కనబడింది. తర్వాత చాపల వైపు, ఇంకా దించని చేతుల వైపు చూసి, అవన్నీ మింగేసి అన్నాడు:

"పాండి, ఇండ్లకు పోదాం."

ఆమేన్ అన్న కేకకు పైకప్పు మీది పావురాలు లేచిపోయాయి. ఆ కేకలో అందరికన్నా ముందు వినిపించింది అయ్యగారి భార్య గొంతు.